పని జరిగే చోటే పని నేర్పించండి

మీ తమ్ముడికి డౌన్ సిండ్రోమ్ అనీ, 22 ఏళ్లు వచ్చాయనీ, ప్రత్యేక పాఠశాల చదువు ముగిసిందనీ రాశారు. ఇప్పుడు వృత్తి శిక్షణ కేంద్రంలో చేర్చాలా, బయట ఎక్కడైనా పనిలో పెట్టాలా అని అడిగారు. బయట పనిలోనే పెట్టండి. మా తమ్ముడికీ మేధో వైకల్యం ఉంది. అతని పనీ పాటా, రాకపోకలూ ఇప్పటికీ దగ్గరుండి చూసుకునే అక్కగా ఈ మాట చెబుతున్నాను.

మన దగ్గర ఈ పిల్లలు పద్దెనిమిదేళ్లు దాటగానే అందరూ చూపించే దారి ఒకటే: కొవ్వొత్తులు, కాగితపు కవర్లు, దీపావళికి రంగులద్దిన ప్రమిదలు. వాటిని నేర్పించే గురువుల ఓపికకు చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే ఇరవై ఏళ్లకు చేరినవాడు ముప్పై దాటాక కూడా శిక్షణలోనే ఉంటే, ఆ శిక్షణ ఏ ఉద్యోగం కోసమో ఎవరైనా చెప్పాలి కదా! పైగా మేధో వైకల్యం ఉన్నవారిలో చాలామందికి ఒకచోట నేర్చుకున్నదాన్ని మరోచోట వాడుకోవడమే అన్నిటికంటే కష్టం. కేంద్రంలో బల్ల మీద చక్కగా చేసిన పనిని దుకాణంలో, కొత్త మనుషుల మధ్య, కొత్త చప్పుళ్లలో మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వస్తుంది. ఆ నేర్చుకునేదేదో నేరుగా దుకాణంలోనే నేర్చుకోవచ్చు.

మా వీధి చివర ఒక హోల్‌సేల్ కిరాణా దుకాణం ఉంది. యజమానికి మా నాన్నగారంటే గౌరవం కాబట్టి, పప్పులు తూచి ప్యాకెట్లు కట్టే గదిలోకి తమ్ముణ్ణి తీసుకున్నారు. తమ్ముడు అంకెలను గుర్తుపడతాడు గానీ వాటిలో ఏది ఎక్కువో ఏది తక్కువో చెప్పలేడు. అందుకని కాటా పక్కన 0.500 అని పెద్దగా రాసిన అట్టముక్కను అతికించి, కాటా మీద సరిగ్గా అదే కనిపించినప్పుడు కవరు పక్కన పెట్టాలని చెప్పాము. ఒకసారి చెప్పిన నియమాన్ని అతను వదలడు. కొంచెం కందిపప్పు వేస్తే 0.505 వచ్చేది, కొంచెం తీస్తే 0.495 వచ్చేది. మళ్లీ వేయడం, మళ్లీ తీయడం, నుదుటి నిండా చెమట, వెనకాల విప్పని బస్తాలు. ఇతని వల్ల కాదని గుమస్తా తేల్చేశాడు. ఆ గదిలో ఏళ్ల తరబడి పని చేస్తున్న ఒక పెద్దావిడ మాత్రం ఆ పూటంతా గమనించి, ఇంకో అట్టముక్క మీద 0.505 అని గుమస్తా చేతే రాయించి, మొదటిదాని కింద అతికించి, "నాయనా, ఈ రెండిట్లో ఏదొచ్చినా సరే, కవరు మూసెయ్" అన్నారు. ఐదు గ్రాములు ఎక్కువ వచ్చినా, కవరు బరువు కూడా అందులోనే ఉంటుంది కాబట్టి అమ్మేవారికి నష్టం లేదు. మధ్యాహ్నానికల్లా అతని పక్కనున్న ట్రే నిండిపోయింది. ఒక పనిలో ఎంత తేడా వచ్చినా ఫరవాలేదో ఆ పని రోజూ చేసేవారికే తెలుస్తుంది, బయట కూర్చుని నేర్పేవారికి తెలియదు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం వైకల్యం ఉన్నవారికి మాత్రమే విడిగా నడిపే వర్క్‌షాపులను 2000 దశకం మొదట్లోనే మూసేసి, అందరితో కలిసి చేసే ఉద్యోగాలవైపు మళ్లింది. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదో నాకు అర్థం కాదు.

జీతం మీ తమ్ముడి చేతికే ఇమ్మనండి. మొదట్లో మా యజమాని ఆ డబ్బు నాన్నగారికి ఇచ్చేవారు. తమ్ముడి చేతికే ఇవ్వమని అడిగి మార్పించాము. ఇప్పుడు జీతం రాగానే అతను తన ఫోన్ రీఛార్జి చేయించుకుని, ప్యాకింగ్ గదిలో అందరికీ మిరపకాయ బజ్జీలు తెస్తాడు. తెలంగాణలో నెలకు 4,016, ఆంధ్రప్రదేశ్‌లో 6,000 రూపాయల వికలాంగుల పింఛను ఇంటికి ఆసరాయే గాని, పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, తన కోసం ఎదురుచూసే చోటికి వెళ్లడం ఏ పింఛనుతోనూ రాదు.

అతని పేర ఖాతా తెరవడానికి వెళితే ఒక బ్యాంకు శాఖలో సంరక్షకుడి పత్రం లేనిదే కుదరదన్నారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ ఆ పత్రం ఇస్తుంది, నిజమే. అయితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం తమ ఆర్థిక వ్యవహారాలు చూసుకునే హక్కు వీరికీ అందరితో సమానంగా ఉంది. ఆ సెక్షన్‌ను అచ్చు వేయించి వెంట తీసుకెళ్లండి. అదే చట్టం ప్రభుత్వోద్యోగాల్లో ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకోవడంలో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు, వీటన్నిటికీ కలిపి దక్కేది 1 శాతమే. దాని కోసం ఎదురుచూస్తూ మీ తమ్ముడి వయసును కరగనివ్వకండి.

మా బంధువులు పెళ్లిపిలుపులకు వచ్చి, "ఆ రోజు అబ్బాయిని ఎవరి దగ్గరైనా ఉంచి వస్తారా?" అని అడిగేవారు. ఆ మాట అమ్మను ఎంత బాధపెట్టేదో నేను చూశాను. ఇప్పుడు అలా అడిగిన వారికి, అతను రాని పెళ్లికి మేమూ రామని స్పష్టంగా చెబుతున్నాము. మీరూ అలాగే చెప్పండి.

ఇక పని వెతికే ముందు, వీలుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకి తీసుకెళ్లి, మీ తమ్ముడికి ఏయే పనులు వచ్చో అంచనా వేయించండి. 1984లో మొదలైన ఆ సంస్థను పాతవారు ఇప్పటికీ పాత పేరుతో ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. ఆ తర్వాత అతను నడిచి వెళ్లగలిగినంత దూరంలో, వేళలు మారని చోటు చూడండి. అక్కడ అతనికి నేర్పడానికి ఇష్టపడే మనిషి ఒకరు ఉన్నారో లేదో యజమానిని అడిగి మరీ తెలుసుకోండి. మొదటి వారాల్లో పక్కనే ఉండి, మెల్లమెల్లగా మీరు తప్పుకోండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో థైరాయిడ్ లోపం, వినికిడి సమస్య ఎక్కువగా కనిపిస్తాయి. కాబట్టి పనిలో మందకొడిగా ఉన్నాడని, మాట వినడం లేదని ఎవరైనా అంటే ముందు ఆ రెండు పరీక్షలూ చేయించండి. కొందరిలో మెడ పైభాగపు వెన్నుపూసల పట్టు కూడా సడలి ఉంటుంది. డాక్టరు చూసి సరేననేదాకా బస్తాలు నెత్తిన మోసే పని మాత్రం ఒప్పుకోకండి.