మనసు గాయపడ్డవాళ్ళ దగ్గర పని చేస్తానంటోంది మా అమ్మాయి, పంపమంటారా?

ప్రశ్న: మాది భద్రాచలం. నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. మా అమ్మాయి హైదరాబాద్‌లో సైకాలజీతో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. మొన్న సెలవుల్లో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళతో కలిసి, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఆదివాసీల ఊళ్ళకు వెళ్ళొచ్చింది. అప్పటినుంచి ఒకటే మాట. కాల్పులు, ఇళ్ళు తగలబడటం చూసి మనసు చెదిరినవాళ్ళకు వైద్యం చేయడం నేర్చుకుంటుందట. ఆన్‌లైన్‌లో మూడు నెలల ట్రామా థెరపిస్ట్ కోర్సు ఉంది, 40 వేలు కట్టమంటోంది. కట్టమంటారా? దీంట్లో ఉద్యోగం అంటూ ఉంటుందా? ఆ కథలన్నీ విని పిల్ల ఏమైపోతుందోనని నాకూ వాళ్ళ అమ్మకూ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు డబ్బు సంగతి చెప్తాను. ఆ 40 వేలు కట్టకండి. ఆ కోర్సులో చెప్పే పాఠాలు తప్పయి ఉండకపోవచ్చు. కానీ మూడు నెలలు ఫోన్‌లో పాఠాలు విన్నవాళ్ళకు థెరపిస్ట్ అని కాగితం ఇవ్వడం మాత్రం తప్పే. ఈ పనిలో పాఠం సగం కూడా కాదు. నేర్చుకునే పిల్ల ఒక మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడి వచ్చాక, ఆ సాయంత్రం ఎవరో ఒక పెద్దదిక్కు ఆమెను కూర్చోబెట్టి అడగాలి. ఇవాళ ఆవిడ ఏమంది, నువ్వేమన్నావు, అక్కడెందుకు ఆపావు, రేపు ఎలా మొదలుపెడతావు అని. దీన్నే సూపర్‌విజన్ అంటారు. మీ అమ్మాయి ఏ కోర్సు చూపించినా, దాని పేరు ఎంత పెద్దదైనా, ముందు ఒక్కటే అడగండి: ఆమె మొదటి కేసులను పక్కనుండి చూసి దిద్దేది ఎవరు, వారానికి ఎన్ని గంటలు?

ఇది అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ళ కిందట నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒక కుర్రాడు ఇలాంటి చిన్న కోర్సే చేసి, ఒక సంస్థ తరఫున సహాయ శిబిరానికి వెళ్ళాడు. మొదటిరోజే ఇరవైమందిని గుండ్రంగా కూర్చోబెట్టి, జరిగిందంతా బయటికి చెప్పేస్తే బరువు దిగుతుందని చెప్పించారట. ఒకావిడ చెబుతూ చెబుతూనే వణికిపోయి పడిపోయింది. మూడోరోజుకు జట్టు మొత్తం తిరిగి వచ్చేసింది. ఆవిడ తర్వాత ఏమైందో అతనికి ఈరోజుకీ తెలియదు. ఆ కోర్సు వద్దని అప్పుడు నేను గట్టిగా చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఘోరం జరిగిన వెంటనే అందరిచేతా అంతా చెప్పించడం మంచి పద్ధతి కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. ఆ సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి 2011లో సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ అనే గైడ్ తెచ్చింది. దాని సారం మూడు మాటల్లో ఉంది: చూడు, విను, కలుపు. అంటే ఎవరికి ఏం అవసరమో చూడాలి, వాళ్ళు చెప్పినంతే వినాలి, తవ్వి అడగకూడదు, తర్వాత కావలసిన సాయంతో వాళ్ళను కలపాలి. ఇది వైద్యం కాదు. అయినా డిగ్రీ చదివే పిల్ల ఇప్పుడే నేర్చుకోదగ్గది, నేర్చుకోవాల్సింది కూడా ఇదే.

ఇక మీ అమ్మాయి చూసొచ్చిన ఊళ్ళ సంగతి. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం అనే సాయుధ దళాల ఏర్పాటు మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్, సుక్మా వైపు నుంచి వేలమంది అడవి దాటి మన వైపు వచ్చారు. 2011లో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చినా, వచ్చినవాళ్ళలో చాలామంది తిరిగి వెళ్ళలేదు. మనం గొత్తికోయలు అంటాం. ఆ పేరు బయటివాళ్ళు పెట్టింది, వాళ్ళలో చాలామంది తమను మురియాలని చెప్పుకుంటారు. మీ అమ్మాయి ఈ చిన్న తేడా నుంచే మొదలుపెడితే బాగుంటుంది. మనిషిని ఏ పేరుతో పిలవాలో తెలియకుండా వాళ్ళ మనసు గురించి మాట్లాడలేం కదా.

అక్కడ ఒక తల్లికి రాత్రి నిద్ర పట్టకపోతే కారణం ఇరవై ఏళ్ళ నాటి కాల్పులు ఒక్కటే కాకపోవచ్చు. పోడు భూమికి పట్టా లేదు. ఇక్కడ చాలామందికి ఎస్టీ సర్టిఫికెట్ రాదు. ఫారెస్టు వాళ్ళు వచ్చి గుడిసెలు పీకేస్తారేమోనన్న భయం ఈరోజుదే. పాత గాయం మీద కొత్త దెబ్బ పడుతూనే ఉంటే ఊపిరి వ్యాయామాలు నేర్పి ఏం ప్రయోజనం? ఈ రంగంలో అంతర్జాతీయ సహాయ సంస్థలు 2007 నుంచి ఒక పిరమిడ్‌ను పాటిస్తున్నారు. అడుగున భద్రత, తిండి, నీడ. దాని పైన కుటుంబం, ఊరు ఇచ్చే ఆసరా. ఆ పైన శిక్షణ పొందిన మామూలు కార్యకర్తల సాయం. చిట్టచివర, కొద్దిమందికి మాత్రమే, నిపుణుల వైద్యం. ఘర్షణలున్న ప్రాంతాల్లో నూటికి 22 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా వేసింది. చాలా పెద్ద సంఖ్యే, కానీ మిగతా 78 మంది సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బాధపడ్డ ప్రతి మనిషీ రోగి కాదు. ఆ తేడా పట్టుకోవడం నేర్పని శిక్షణ శిక్షణే కాదని నా అభిప్రాయం.

మంచి శిక్షణ ఎలా ఉంటుందో చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అనే పద్ధతి ఉంది. ఐదు వారాలు, వారానికి ఒకసారి, ఒక్కొక్కరితో సుమారు గంటన్నర. ఒత్తిడి తగ్గించుకోవడం, సమస్యను ముక్కలు చేసి చూడటం, మానేసిన పనులను కొద్దికొద్దిగా మళ్ళీ మొదలుపెట్టడం, నా అనుకునే మనుషులను వెతుక్కోవడం, ఇవే అందులో ఉండేవి. పాకిస్తాన్‌లోని పెషావర్‌లో, ఏళ్ళ తరబడి హింస చూసిన ప్రాంతంలో, డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలు దీన్ని చేశారు. బాధ, దిగులు తగ్గాయని 2016లో ఫలితాలు వచ్చాయి. ఆ కార్యకర్తలను ఎవరూ ఒంటరిగా వదిలేయలేదు, వాళ్ళ వెనక సూపర్‌విజన్ నడుస్తూనే ఉంది.

అంతకన్నా లోతైన గాయాలకు వేరే పద్ధతులున్నాయి. అందులో నారేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ నాకు బాగా నచ్చినది. నేల మీద ఒక తాడు పరుస్తారు. అది ఆ మనిషి జీవితం. మంచి రోజుల దగ్గర పువ్వు పెడతారు, చెడ్డ రోజుల దగ్గర రాయి పెడతారు. ఆ తర్వాత ఒక్కో రాయి దగ్గర ఆగి, అప్పుడేం జరిగింది, ఏం చూశావు, ఒంట్లో ఏమనిపించింది అని నెమ్మదిగా, చేయి వదలకుండా చెప్పిస్తారు. ముక్కలుముక్కలుగా కలలో వచ్చి భయపెట్టేది, మొదలూ చివరా ఉన్న కథగా మారుతుంది. ఉగాండాలోని నకివాలే శరణార్థుల శిబిరంలో, ఆ శిబిరంలో ఉండేవాళ్ళకే ఆరు వారాలు నేర్పి రువాండా, సోమాలియా శరణార్థులకు ఈ వైద్యం చేయించారు. అది పనిచేసిందని 2008లో ప్రచురించారు. పైపైన చూస్తే ఇందాక చెప్పిన కుర్రాడి శిబిరంలో చేసిందీ ఇదే అనిపిస్తుంది. కాదు. ఉగాండాలో ఒక్కరితో, పలుమార్లు, తోడుగా ఉండి చేశారు. ఆ కుర్రాడి శిబిరంలో ఇరవైమందితో ఒక్కసారి చేయించి వదిలేశారు.

ఇరాక్‌లో సింజార్ మీద 2014 ఆగస్టులో ఐసిస్ ఉగ్రవాద సంస్థ దాడి చేసి, యజీదీలనే మైనారిటీ మతస్తుల స్త్రీలను ఎత్తుకుపోయింది. తప్పించుకుని వచ్చినవాళ్ళలో సుమారు వెయ్యిమంది స్త్రీలను, పిల్లలను జర్మనీలోని ఒక రాష్ట్రం తీసుకెళ్ళి వైద్యం చేయించింది. మరి అక్కడే మిగిలిపోయినవాళ్ళ మాటేమిటి? అందుకని 2017లో ఇరాక్‌లోనే ఉన్న దుహోక్ యూనివర్సిటీలో సైకోథెరపీ విద్యాసంస్థ పెట్టి, అక్కడి యువతకే మాస్టర్స్ స్థాయిలో నేర్పడం మొదలుపెట్టారు. బయటి నిపుణులు వచ్చి వెళ్ళిపోతారు, ఆ భాష మాట్లాడే ఆ ఊరివాళ్ళు అక్కడే ఉంటారు.

ఈ మాట మీకు ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. మీది భద్రాచలం. మీ అమ్మాయికి కోయ భాష వచ్చా? రాకపోతే ఈ ఏడాదే మొదలుపెట్టమనండి. ఖర్చు లేదు, ఏ సర్టిఫికెట్ కన్నా ఎక్కువ పనికొస్తుంది. మధ్యలో దుబాసీ ఉంటే తన మీద జరిగిన అత్యాచారం గురించి నోరు విప్పడం ఏ తల్లికైనా కష్టం. ఆ దుబాసీ అదే ఊరి మగవాడైతే మరీ కష్టం.

చదువు విషయానికి వస్తే రెండు దారులు ముఖ్యం. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే మామూలు ఎంఏ సైకాలజీ ఒక్కటే చాలదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చేసి అక్కడ రిజిస్టర్ కావాలి. ఇన్నాళ్ళూ ఎంఏ తర్వాత రెండేళ్ళ ఎంఫిల్ ఆ దారిగా ఉండేది. కొత్త విద్యా విధానం వల్ల ఈ కోర్సుల పేర్లు, రూపం మారుతున్నాయి. కాబట్టి చేరే సంవత్సరానికి ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి, ఏజెంట్ మాట నమ్మకండి. రెండో దారి ఎంఎస్‌డబ్ల్యూ, అంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్, చేసి సైకియాట్రిక్ సోషల్ వర్క్ వైపు వెళ్ళడం. మీ అమ్మాయి మనసు ఊళ్ళ మీద ఉంది కాబట్టి నేనైతే ఈ రెండోదాన్నే ముందు చూడమంటాను. పట్టా, రేషన్, కుటుంబం, మనసు, అన్నిటినీ కలిపి చూడటం అందులో నేర్పుతారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అంటే టిస్‌లో మానసిక ఆరోగ్యం మీద సోషల్ వర్క్ ఉంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో విపత్తుల్లో మానసిక సాయానికి ఒక విభాగమే ఉంది. అస్సాంలోని తేజ్‌పూర్ మానసిక ఆరోగ్య సంస్థ ఈశాన్య రాష్ట్రాల్లోనే ఉంది, 2023 మేలో మొదలైన జాతుల ఘర్షణల తర్వాత మణిపూర్ పరిస్థితి చూశాక అటువైపు పనికి మనుషుల అవసరం ఎంతో మీకే తెలుస్తుంది.

ఉద్యోగాల గురించి దాచకుండా చెబుతాను. యుద్ధబాధితుల థెరపిస్ట్ అనే పోస్టు మన దగ్గర నోటిఫికేషన్‌లో రాదు. ఉండేవి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, 14416 నంబరుతో ఫోన్‌లో మానసిక సాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్, మహిళల కోసం ఉన్న సఖి కేంద్రాలు, ఆసుపత్రులు, ఎంఎస్‌ఎఫ్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) లాంటి అంతర్జాతీయ సంస్థలు. చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే, మొదట్లో జీతం తక్కువే. పెళ్ళి, ఇల్లు లాంటి లెక్కలు వేసుకునే కుటుంబానికి ఇది తెలిసి ఉండాలి. అయితే అర్హత, రిజిస్ట్రేషన్, ఒక ఆదివాసీ భాష, మూడూ ఉన్నవాళ్ళు ఈ రంగంలో చాలా అరుదు.

ఇక మీ ఇద్దరి భయం. అది న్యాయమైనదే. ఇలాంటి కథలు వినీ వినీ వినేవాళ్ళకే నిద్ర పట్టకపోవడం, కోపం రావడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం ఉంటుంది. మొండిగా ఉంటే ఇది రాదనుకోవద్దు. దీనికి పనిలో ఉన్న మందు మళ్ళీ సూపర్‌విజనే. రోజుకు ఇన్ని కేసులకు మించి ఇవ్వని పై అధికారి, సెలవు తీసుకుంటే తప్పుపట్టని సంస్థ కూడా కావాలి. ఇంటి వైపు నుంచి మీరు చేయగలిగింది ఒకటి ఉంది. ఆమె ఊళ్ళనుంచి వచ్చిన రాత్రి ఏం జరిగిందని అడగకండి. అక్కడివాళ్ళు చెప్పింది ఆమె మీకు చెప్పకూడదు కూడా. అన్నం తిన్నావా అని అడగండి, పక్కన కూర్చోండి.

ఆ మూడు నెలల కోర్సు వాళ్ళకు మీ అమ్మాయిచేతే ఒక మెయిల్ పెట్టించండి. మా కేసులను ఎవరు చూస్తారు, వారానికి ఎన్ని గంటలు, కోర్సు అయ్యాక ఎన్నాళ్ళు అని. అవే మూడు ప్రశ్నలు ఆమె చేరాలనుకునే ఎంఎస్‌డబ్ల్యూ కాలేజీలకూ పంపమనండి. డిగ్రీ ఫలితాలు వచ్చేలోపు ఆ జవాబులన్నీ నాకు పంపించండి. అవి చూసి ఎక్కడ చేరాలో చెప్తాను.