మంట తెలియని మనిషికి ‘మంట’ ఉందా అంటే?

సందేహం: మా ఆయన సెంట్రింగ్ పనిలో పైనుంచి పడడంతో వెన్నుపాము దెబ్బతింది. ఛాతీ నుంచి కిందికి స్పర్శ లేదు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ‘మూత్రంలో మంట ఉంటే వెంటనే రావాలి’ అని రాశారు. ఆయనకు మంట తెలియదు కదా! యూరిన్ ఇన్ఫెక్షన్‌కు ‘మంట’ సరైన తెలుగేనా? ‘మూత్రకృచ్ఛ్రం’ అనాలా?
– ఒక సోదరి, ఆదోని

సమాధానం: అమ్మా, మీరు పట్టుకున్నది చిన్న తప్పు కాదు. మంట, నొప్పి, దురద, సలుపు ఇవన్నీ అనుభవించేవాడు చెబితేనే తెలిసేవి. అందుకే మన వాక్యంలో ‘నాకు మంటగా ఉంది’, ‘ఆయనకు నొప్పిగా ఉంది’ అని ‘కు’ చేరుతుంది. ఆ ‘ఆయనకు’ అన్నచోట స్పర్శే లేకపోతే మాట నిలబడదు. మంట ఒక లక్షణం, జబ్బు పేరు కాదు. ‘మూత్రకృచ్ఛ్రం’తోనూ అదే చిక్కు. కృచ్ఛ్రమంటే కష్టం, బాధ. అందరికీ తెలిసిన యూరిన్ ఇన్ఫెక్షన్ అన్న మాటే వాడుకోండి.

కర్నూలులో మా పెద్దమ్మ కొడుకుది ఇదే పరిస్థితి. ‘మంట ఉందా?’ అని ఎవరడిగినా ‘లేదు’ అనేవాడు, అది నిజమే. ఒకరోజు పొద్దున మా వదిన మంచం పక్కన వంగి, పైపు ద్వారా మూత్రం చేరే సంచీని వెలుతురుకు తిప్పి చూసి, ‘బియ్యం కడిగిన నీళ్ల మాదిరి ఉండాయి’ అంది. సాయంత్రానికి చలిజ్వరం. ఆ మాటలో ‘ఆయనకు’ లేదు చూడండి. ఉన్నది నీళ్లే. కంటికి కనబడేదాన్ని చెప్పింది కాబట్టి అది పనికొచ్చింది. కొన్ని కరపత్రాల్లో ‘మూత్రం మబ్బుగా ఉంటే’ అని రాస్తున్నారు. మబ్బు ఆకాశానికి, నీళ్లకైతే కలక.

కలకనో వాసననో మాత్రమే చూసి మందు మొదలుపెట్టరు, ఎందుకంటే మూత్రం పోవడానికి పైపు (కాథెటర్) వాడేవారి మూత్రంలో ఏ ఇబ్బందీ లేకపోయినా క్రిములు కనబడుతుంటాయి. జ్వరం, వణుకు, కాళ్లు మామూలు కంటే ఎక్కువగా బిగుసుకోవడం, పైపు పక్కనుంచి కారడం తోడైతేనే అనుమానించాలి.

ఇంకొకటి మీరు తప్పక తెలుసుకోవాలి. ఛాతీ భాగంలోని 6వ వెన్నుపూస దగ్గరగానీ అంతకు పైనగానీ దెబ్బ తగిలినవారికి మూత్రాశయం నిండిపోయినా, పైపు మడతపడినా బీపీ ఒక్కసారిగా పెరిగిపోవచ్చు. దీన్ని ‘తలనొప్పి’ అని రాస్తే చాలదు. తల పగిలిపోయే పోటు, ముఖం ఎర్రబడడం, దెబ్బకు పైభాగంలో చెమటలు. వెంటనే లేపి కూర్చోబెట్టి, పైపు మడత చూసి, తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆయన దెబ్బ ఏ పూస దగ్గరో డాక్టరును అడిగి రాసిపెట్టుకోండి.

ఆ కాగితంలో ‘మంట’ కొట్టేసి ఇలా రాసి మంచం దగ్గర అంటించండి: ‘మూత్రం కలకగా ఉండి, జ్వరమో వణుకో వచ్చినా, కాళ్లు బిగుసుకున్నా, పైపు పక్కనుంచి కారినా వెంటనే ఆస్పత్రికి. తలపోటు, చెమటలు వస్తే ముందు కూర్చోబెట్టు, పైపు చూడు.’