అవిసె గింజలు మింగితే సరిపోదు

ప్రశ్న: ఇంట్లో చేపలు తినం. ఒమేగా-3 కోసం రోజూ చెంచాడు అవిసె గింజలు నీళ్లతో మింగేస్తున్నాను. మా అత్తమ్మేమో ‘కారం దంచి పెడతా, అది తిను’ అంటోంది. ఏది మేలు?
– ఓ పాఠకురాలు, సిరొంచ

జవాబు: మీ అత్తమ్మ మాటే రైటు చెల్లెమ్మా! ఆ గింజ పైపొట్టు నున్నగా, గట్టిగా ఉంటుంది. మింగితే చాలావరకు అలాగే బయటికి పోతుంది. సన్న సెగ మీద చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిర్చి, ఎల్లిపాయ, ఉప్పు వేసి దంచండి. మిక్సీ అయినా పర్లేదు, రోటి రుచి మాత్రం రాదు. జొన్నరొట్టెలోకి అదిరిపోతుంది.

ఇందులో ఉండే ఒమేగా-3 కొవ్వు పేరు ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. దీన్ని ఒళ్లు సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. పెద్ద చెంచాడు పొడిలో సుమారు 1.6 గ్రాములుంటుంది. ఆడవాళ్లకు రోజుకు 1.1 గ్రాములు చాలని అమెరికా పోషకాహార ప్రమాణాలు చెబుతాయి. కానీ చేపల్లో ఉండే ఒమేగా-3 రకాలు వేరు, వాటి పేర్లు ఈపీఏ, డీహెచ్‌ఏ. ఒంట్లో ఇది ఈపీఏగా మారేది కొంచెమే, డీహెచ్‌ఏగా మరీ తక్కువ. కడుపుతో ఉన్నవాళ్లయితే డాక్టరును అడిగి, నాచు నుంచి తీసిన డీహెచ్‌ఏ గోళీలు వేసుకోవచ్చు.

పొడి వారానికి సరిపడా దంచుకుంటే చాలు. మక్కిన వాసన వస్తే మొహమాటపడకుండా పారేయండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పాకే మొదలుపెట్టాలి.