పాము పిల్లకి ఒంట్లో బాగాలేకపోతే: చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికాలో మీ బాబు పెంచుకుంటున్న కార్న్ స్నేక్ (ఇళ్లల్లో పెంచుకునే విషం లేని పాము) పిల్ల రెండు వారాలుగా ఏమీ తినలేదని, తోక చివర కుబుసం అంటుకుపోయిందని రాశావు. ఫోటోలు చూశాను. టెన్షన్ పడకు. ఈ రెండూ పాము పిల్లల్లో మామూలుగా వచ్చేవే, ఇంట్లో చక్కబెట్టుకోగలిగేవే. అయితే ఇంట్లో చూసుకోదగ్గది ఏది, డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సింది ఏది అన్న తేడా నీకు తెలియాలి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇన్నేళ్లు జంతువుల క్లినిక్‌లో పనిచేసి, ఇంట్లోనూ పాముల్ని పెంచాక నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. పాము పిల్లకి వచ్చే జబ్బు చాలావరకు దాని పెట్టెలోనే మొదలవుతుంది. వేడి తక్కువవడం, తేమ తేడా రావడం, తిండి పెద్దదవడం, మనం మాటిమాటికీ చేతుల్లోకి తీసుకోవడం, వీటిల్లో ఏదో ఒకటి కారణమై ఉంటుంది. కాబట్టి పాము నలతగా కనిపిస్తే ముందు థర్మామీటర్ చూడు, ఆ తర్వాతే పాముని చూడు.

పాముకి సొంతంగా ఒంటి వేడి ఉండదు. తిన్నది అరగాలన్నా, రోగంతో పోరాడాలన్నా బయటి వేడే ఆధారం. కార్న్ స్నేక్‌కి పెట్టెలో ఒక వైపు 85 నుంచి 88 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండో వైపు 72 నుంచి 75 ఉండాలి. గాజుకి అంటించే స్టిక్కర్ థర్మామీటర్‌ని నమ్ముకోకు. వైరు చివర ప్రోబ్, అంటే వేడిని కొలిచే మొన, ఉన్నది కొని, పాము పడుకునే చోట నేల మీద పెట్టు. పెట్టెకి వేడినిచ్చే హీట్ మ్యాట్‌కి థర్మోస్టాట్, అంటే వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం, తప్పనిసరి. అది లేకపోతే పాము పొట్ట కాలిపోయినా అక్కడి నుంచి కదలకపోవచ్చు. వేడెక్కే రాళ్లని అమ్ముతారే, అవి అసలే వద్దు. పొట్ట మీద కాలిన గాయాలతో వచ్చిన పాముల్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక తిండి సంగతి. గుడ్డులోంచి వచ్చిన కార్న్ స్నేక్ పిల్ల బరువు ఆరు నుంచి ఎనిమిది గ్రాములే. కొత్త ఇంటికి వచ్చిన మొదటి వారం దాన్ని ముట్టుకోకూడదు. మీ వాడు రోజూ స్నేహితులకి చూపిస్తున్నాడని రాశావు. అది ముందు ఆపించు, సగం సమస్య దానితోనే తీరొచ్చు. కళ్లు నీలంగా, పాలపొర కమ్మినట్టు ఉంటే కుబుసం విడిచే ముందు దశలో ఉందని అర్థం. అప్పుడు తినకపోవడం సహజం.

రోజులు లెక్కపెట్టడం కంటే బరువు చూడడం మేలు. గ్రాములు చూపించే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి పాము కోసమే కొను. మూతకి చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి వారానికోసారి తూచి రాసిపెట్టు. బరువు నిలకడగా ఉంటే రెండు వారాల ఉపవాసం వల్ల ప్రమాదం లేదు. పదో వంతు తగ్గితే మాత్రం ఇంక ఆగకుండా డాక్టర్‌కి చూపించు.

తినిపించే ముందు పింకీని, అదే గడ్డకట్టించి అమ్మే బొచ్చు రాని ఎలుక పిల్లని, జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో కరగనివ్వు. తర్వాత అదే కవర్‌ని గోరువెచ్చని నీళ్లలో ఉంచు. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, లోపల ఉడికిపోయి పొట్ట పగులుతుంది. పాము ఒంట్లో అన్నిటికంటే లావుగా ఉన్న చోటు ఎంత ఉందో పింకీ దాదాపు అంతే ఉండాలి. సాయంత్రం చీకటి పడ్డాక, గాలి చిల్లులున్న చిన్న డబ్బాలో పామునీ పింకీనీ కలిపి పెట్టి, ఆ డబ్బాని పెట్టెలో వెచ్చటి వైపు ఉంచి, తెల్లారేదాకా తొంగి చూడకుండా వదిలెయ్యి. ఇరుకైన చీకట్లో చాలా పిల్లలు తింటాయి. అడవిలో ఇవి చిన్నప్పుడు బల్లుల్ని, చెట్టుకప్పల్ని తింటాయి. అందుకే పెంపకందారులు కొందరు పింకీకి బల్లి వాసన పట్టిస్తారు. అలాగని పెరట్లో బల్లిని పట్టి పెట్టకు, దాని కడుపులోని పురుగులు దీనికి వస్తాయి. నోరు తెరిచి బలవంతంగా కుక్కడం ఇంట్లో చేసే పని కాదు. గొంతు చిరిగితే ఆ పిల్ల బతకడం కష్టం.

తిన్నాక రెండు రోజులు దాన్ని కదిలించకూడదు. ఈ ఒక్క నియమం తప్పితే వచ్చే పెద్ద చిక్కు తిన్నది కక్కేయడం. వేడి చాలకపోయినా, పింకీ పెద్దదైనా కక్కేస్తుంది. పాపం ఖాళీ కడుపుతో ఉందని వెంటనే మళ్లీ పెట్టబుద్ధవుతుంది. పెట్టకు. కక్కినప్పుడు కడుపులోని ఆమ్లం గొంతుని పుండు చేస్తుంది, ఒంట్లో నీళ్లూ పోతాయి. పది నుంచి పద్నాలుగు రోజులు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకుండా ఆగి, ఆ తర్వాత మామూలు దాంట్లో సగం సైజుది పెట్టు. వేడి సరిగ్గా ఉండి, చిన్నది పెట్టి, ముట్టుకోకుండా ఉన్నా రెండోసారి కక్కితే పరీక్ష చేయించాల్సిందే. క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి పాము కడుపు గోడల్ని మందంగా చేస్తుంది. ఒంటి మధ్యలో వాపు, పదే పదే కక్కడం దాని గుర్తులు. దానికి నమ్మదగిన మందు లేదు, మామూలు బ్లీచ్‌కి అది చావదు కూడా. ఇంకో పాము ఇంటికి వచ్చే ఆలోచన ఉంటే పట్టకార్లు, గిన్నెలు ఇప్పటి నుంచే వేరుగా ఉంచు.

తోక చివర కుబుసం మాటకొస్తే, దాన్ని అలాగే వదిలేయకూడదు. పొర బిగుసుకుని రక్తం ఆడక తోక కొస నల్లబడి రాలిపోతుంది. ఒక డబ్బాలో 85 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు, పాము ఒంటి మందం మునిగేంత మాత్రమే పోసి, ఇరవై నిమిషాలు ఉంచు. నువ్వు పక్కనే ఉండాలి. తర్వాత తడి టవల్ మడతల్లోంచి దాన్నే పాకనివ్వు. ఇంకా మిగిలితే తడి దూదితో ఒంటి వైపు నుంచి కొస వైపుకి మెల్లగా తోస్తూ పోవాలి. గోటితో గీరొద్దు. కంటి మీద పొర ఉండిపోతే నువ్వు అసలు చెయ్యి పెట్టకు, పట్టకారుతో లాగితే కన్నే పోతుంది. వచ్చే కుబుసంతో అదీ ఊడొచ్చు, లేదంటే డాక్టర్ తీస్తారు. మళ్లీ ఇలా కాకుండా, మూత ఉన్న చిన్న డబ్బాకి కన్నం చేసి, లోపల తడిపి పిండిన నాచు పెట్టి పెట్టెలో ఉంచు. కళ్లు నీలంగా మారగానే అదే అందులో దూరుతుంది.

మీ అత్తగారు కొబ్బరినూనె రాయమన్నారని రాశావు. ఆవిడ ప్రేమగా చెప్పినదే, కానీ వద్దు. పసుపు కూడా వద్దు. పాలు అసలే వద్దు. నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం మన భక్తి. పాముకి పాలు అరగవు. దాహంతో ఉన్న పాము ఏదైనా తాగేస్తుంది, తర్వాత ఇబ్బంది పడేది అదే.

ఊపిరికి సంబంధించిన జబ్బు మాత్రం ఇంట్లో కనిపెట్టుకుని కూర్చునేది కాదు. నోరు తెరిచి గాలి పీలుస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు, నోట్లో జిగట కనిపించినా, గుర్రుమని శబ్దం వస్తున్నా, తల ఎప్పుడూ పైకెత్తి పెట్టినా అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. కార్న్ స్నేక్‌కి పనిచేసే ఊపిరితిత్తి ఒక్కటే, కుడిది. మనలా దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు. డాక్టర్లు తరచూ సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మూడు రోజులకోసారి ఇస్తారు, ఎలా చెయ్యాలో నీకే నేర్పిస్తారు. ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల సంచిలోని అమాక్సిసిలిన్ విరిచి నీళ్లలో కలిపే ఆలోచన చెయ్యకు. పది గ్రాముల ప్రాణికి డోసు మన చేతి లెక్కకి అందదు. దేవుడి గది పక్కనే పాము పెట్టె ఉన్నట్టు ఫోటోలో చూశాను. అగరొత్తులు, సాంబ్రాణి పొగ దానికి మంచిది కాదు, పెట్టెని వేరే గదికి మార్చు.

మైట్స్, అంటే పాము రక్తం తాగే చిన్న పురుగుల గురించి కూడా తెలుసుకో. పాము అదే పనిగా నీళ్ల గిన్నెలో పడుకుంటోందంటే గిన్నె అడుగున నల్లటి చుక్కలున్నాయేమో చూడు. కంటి చుట్టూ, గడ్డం కింద కూడా చేరతాయి. అవి పాము ఒంటి మీద కాదు, పెట్టె సందుల్లో గుడ్లు పెడతాయి. కాబట్టి పాముని ఒక్కసారి కడిగితే పోవు. పెట్టెలో కింద పరిచిన చెక్కపొట్టునంతా పారేసి, వేడి సబ్బునీళ్లతో పెట్టె కడిగి, కింద పేపర్ టవల్స్ పరిచి, కొన్ని వారాలు విడవకుండా చెయ్యాలి. కుక్కల పేల మందులు, బొద్దింకల స్ప్రేలు పాము పిల్లని చంపేస్తాయి. మందు డాక్టర్ చెప్పిందే వాడాలి. పొట్ట కింద పొలుసుల మీద నీటిపొక్కులు కనిపిస్తే లోపల తడీ, మురికీ ఎక్కువయ్యాయని అర్థం, అప్పుడూ పేపర్ టవల్సే మంచివి. నోట్లో ఎర్రదనం, పెరుగు గడ్డలాంటి చీము ఉన్నా, మలద్వారం నుంచి ఎర్రటి కండ బయటికి వచ్చినా, తల వెల్లకిలా వెనక్కి వాలిపోతున్నా వెంటనే బయల్దేరాలి. బయటికి వచ్చిన కండని లోపలికి తొయ్యకు. తడిగుడ్డ మీద పెట్టి, ఆరిపోకుండా చూసుకుంటూ తీసుకెళ్లు.

మీ ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, అరవై ఐదు దాటిన అత్తగారు ఉన్నారు. ఆరోగ్యంగా కనిపించే పాము కడుపులోనూ సాల్మొనెల్లా, అంటే మనుషులకి విరేచనాలు, జ్వరం తెప్పించే బ్యాక్టీరియా, ఉండొచ్చు. అయిదేళ్లలోపు పిల్లలు, అరవై ఐదు దాటినవాళ్లు పాముల్ని ముట్టుకోకూడదని ఇక్కడి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ కూడా చెబుతుంది. బాబు ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. నీళ్ల గిన్నె వంటింటి సింక్‌లో కడగొద్దు. పింకీలకి కూరగాయల ఫ్రిజ్ కాకుండా గ్యారేజీలో చిన్నది వేరుగా ఉంటే ఇంకా మంచిది.

హైదరాబాద్‌లో తమ్ముడి పిల్లలు కూడా పాము కావాలని అడుగుతున్నారట కదా, వాళ్లకి గట్టిగా చెప్పు. మన దేశపు పాముల్ని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పొలంలో దొరికిన జెర్రిపోతు పిల్లయినా అంతే.

కుక్కలు, పిల్లుల్ని చూసే డాక్టర్లందరికీ పాములు తెలియవు. ఏఆర్ఏవీ అని సరీసృపాల డాక్టర్ల సంఘం ఉంది, వాళ్ల జాబితాలో న్యూజెర్సీలో మీకు దగ్గర్లో ఉన్నవాళ్లని ఇప్పుడే చూసి నంబర్ రాసిపెట్టు. అవసరం పడిన రాత్రి వెతకడం కష్టం. వెళ్లేటప్పుడు కారు ముందే వెచ్చగా చేసి, చిల్లులున్న డబ్బాలో పేపర్ టవల్ వేసి, టవల్ చుట్టిన వేడినీళ్ల సీసాని డబ్బా బయట ఆనించి పెట్టు. తాజా విసర్జన దొరికితే జిప్ కవర్లో వేసి చల్లగా ఉంచు, గడ్డకట్టించొద్దు, ఒక రోజులోపు ఇవ్వాలి. బరువుల కాగితం, పెట్టె ఫోటో, రెండు వైపుల డిగ్రీలు కూడా తీసుకెళ్తే డాక్టర్ పని సగం తగ్గుతుంది.

ఇవాళ చెయ్యాల్సింది ప్రోబ్ పెట్టి డిగ్రీలు చూడడం, తూకం, తోకకి నీళ్లు. రేపు దాన్ని ముట్టుకోకు. ఎల్లుండి సాయంత్రం డబ్బాలో పింకీ పెట్టి చూడు. తిన్నా తినకపోయినా మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ