బీఎస్సీ మానిపించే ముందు ఒక పేజీలో పదాలు లెక్కపెట్టండి

ప్రశ్న: మాది ఆదోని. మా పాప ఇంటర్ దాకా తెలుగు మీడియంలో మంచి మార్కులతో చదివింది. ఇప్పుడు కర్నూలులో బీఎస్సీ మొదటి ఏడాది. ఇంగ్లీషు పుస్తకంలో ఒక్క పేజీకి గంట పడుతోంది. చదివాక ఏముందంటే చెప్పలేకపోతోంది. కోర్సు మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. రెండో భాషలో చదివినది ఎవరికి ఎంత అర్థమవుతుందన్న తేడాలో సుమారు 20 శాతం సొంత భాషలో చదివే నేర్పు వల్ల, 30 శాతం ఆ రెండో భాష ఎంత వచ్చన్నదాని వల్ల వస్తుందని భాషా పరిశోధకురాలు ఎలిజబెత్ బెర్న్‌హార్ట్ 2005లో లెక్క చూపారు. మొదటిది మీ పాపకు ఉంది. కాకపోతే ఇంగ్లీషు పదాలు కొంత మేరకు చేతిలో ఉంటేగానీ ఆ నేర్పు అక్కడ పనిచేయదు.

ఎంత మేరకు? ఎవరి సాయమూ లేకుండా అర్థం కావాలంటే నూటికి 98 పదాలు తెలిసి ఉండాలని హు, నేషన్ అనే భాషా పరిశోధకులు 2000లో తేల్చారు. అంటే 300 పదాల పేజీలో తెలియనివి ఆరు. అవి ముప్పై ఉన్నాయనుకోండి, వరుసకొకసారి ఆగాలి. డిక్షనరీ చూసి వచ్చేసరికి వాక్యం మొదలు మరిచిపోతుంది. ఆ గంట పోయేది అక్కడే.

పాఠంలో వరుసగా 100 పదాలు తీసుకుని తెలియనివాటి కింద గీత పెట్టమనండి. రెండు లోపైతే సొంతంగా చదవొచ్చు. ఐదు దాటితే అదే పాఠాన్ని ముందు తెలుగు అకాడమీ పుస్తకంలో చదివి, తర్వాతే ఇంగ్లీషు పట్టుకోవాలి. విషయం ముందే తెలిస్తే సగం పదాలకు అర్థం ఊహకే అందుతుంది. చాలామంది ప్రతి పదం మీద పెన్సిలుతో తెలుగు అర్థం రాసుకుంటారు. రెండోసారి కళ్లు ఆ తెలుగు మీదకే పోతాయి. అర్థాలు పేజీ అంచున రాసుకోవాలి.

ఎవరిని అడిగినా ఇంగ్లీషు పేపరు చదవమంటారు. పేపరు ఆ 98 శాతం అందాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు (ఒక పదం, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) కావాలని నేషన్ 2006లో లెక్కగట్టారు. అక్కడ మొదలుపెడితే వారానికే విసుగొస్తుంది. రోజూ 20 నిమిషాలు ఎన్‌సీఈఆర్‌టీ ఆరు నుంచి ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకాలు చదివించండి, వెబ్‌సైట్లో ఉచితం. డిగ్రీ పిల్లకు ఆరో తరగతి పుస్తకమా అని నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వండి.

దాంతోపాటు పరిశోధకురాలు ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో వెలువరించిన 570 పద కుటుంబాల జాబితా పట్టుకోవాలి. కాలేజీ పుస్తకాల్లో నూటికి సుమారు పది పదాలు ఇందులోవే: అనలైజ్, కాన్సెప్ట్, ప్రాసెస్ లాంటివి. రోజుకు ఐదు, వారంలో ఒక రోజు పాతవి తిరగేయడానికి. 19 వారాల్లో అయిపోతుంది. ప్రతి పదాన్నీ తన పాఠంలోని వాక్యంతో కలిపి రాసుకోవాలి, విడి అర్థం నిలవదు.

పాఠానికి ముందురోజే పది ముఖ్యమైన పదాలు బోర్డు మీద రాయమని లెక్చరర్‌ను అడగమనండి. పైకి చదవమని మాత్రం ఇంట్లో పట్టుబట్టకండి. ధ్యాసంతా ఉచ్చారణ మీదికి పోయి అర్థం జారిపోతుంది.

నెలకోసారి కొత్త పేజీ తీసి మళ్లీ లెక్కపెట్టండి. తెలియని పదాలు తగ్గినా పాఠం తలకెక్కడం లేదంటే ఇబ్బంది సబ్జెక్టుతోనే. కోర్సు సంగతి అప్పుడు ఆలోచిద్దాం.