పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి కాచిన కారం నూనె బయట పెట్టొచ్చా?

పచ్చిమిర్చి, వెల్లుల్లి నూనెలో కాచి, ముక్కలతో సహా సీసాలో పోసి గట్టు మీదే ఉంచుకోవచ్చా అని అడిగారు. వద్దండీ. ఒకప్పుడు నేనూ అదే పని చేశాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

పైన నూనె నిలిస్తే లోపలిది పాడవదని నా నమ్మకం. పది రోజులయ్యాక మూత తీస్తే చిన్న చిన్న బుడగలు. వాసన మాత్రం బ్రహ్మాండంగా ఉంది. రుచి చూద్దామని చెంచా కూడా తీశాను. ఎందుకో అనుమానమొచ్చి ఆగి, చదివి, ఆ తర్వాత సీసాతో సహా పారేశాను.

బొట్యులిజం అంటే నరాలను దెబ్బతీసే ప్రమాదకరమైన జబ్బు. దాన్ని తెచ్చే విషాన్ని తయారుచేసే బాక్టీరియా స్పోర్లు (వేడికి తట్టుకునే విత్తనాల్లాంటివి) మట్టిలో ఉంటాయి. మిర్చికీ వెల్లుల్లికీ అంటుకుని వంటింట్లోకి వస్తాయి. గాలి ఆడకుండా, తడి ఉండి, పులుపు లేకపోతే పెరుగుతాయి. నూనెలో మునిగిన పచ్చి ముక్క అచ్చం అలాంటి చోటే. ‘బాగా కాచాను కదా’ అంటారేమో. నూనె 150 డిగ్రీలున్నా, ముక్కలో నీరున్నంతసేపూ లోపలి వేడి 100 దాటదు. ఆ స్పోర్లను నమ్మకంగా చంపాలంటే ప్రెషర్‌లో 121 డిగ్రీలు కావాలి. విషం పుట్టినా రంగు, వాసన మారాలని లేదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్ వాడిన, ఫ్రిజ్‌లో పెట్టని వెల్లుల్లి నూనె వల్ల 36 మంది జబ్బుపడ్డారు.

అందుకే ఇప్పుడు నేను ఎండుమిర్చితోనే చేస్తాను. తుంచితే ఫట్‌మని విరగాలి, సాగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. కప్పు నూనెకి రెండు మూడు చెంచాల తునకలు. నూనె 120, 130 డిగ్రీల మధ్య ఉంటే చాలు. థర్మామీటర్ లేకపోతే ఒక తునక వేసి చూడండి, చుట్టూ సన్నగా బుడగలు రావాలి. వెంటనే నల్లబడితే స్టవ్ ఆపి కాసేపు ఆగండి, మాడితే చేదే మిగులుతుంది. ఘాటు గొంతుకి పట్టేస్తుంది, ముందే కిటికీ తీసి పెట్టుకోండి. గిన్నె, సీసా, చెంచా అన్నీ పొడిగా ఉండాలి. పూర్తిగా చల్లారకుండా మూత పెట్టకండి, ఆవిరి నీరై లోపలే పడుతుంది. ఈ నూనె చల్లగా, చీకటిగా ఉన్నచోట ఉంచొచ్చు. నేనైతే ఫ్రిజ్‌లోనే పెడతాను, టెన్షన్ ఉండదు. గడ్డకట్టినా బయట పెడితే మామూలైపోతుంది.

పచ్చివాటి రుచే కావాలంటే కొంచెం చేసుకుని, చేసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి. మిగిలితే ఫ్రీజర్‌లో పెట్టండి. సీసా మీద తేదీ రాయడం మాత్రం మర్చిపోకండి. ఎప్పుడు చేశామో గుర్తురాని సీసాని నేను వాసన కూడా చూడను, నేరుగా చెత్తబుట్టే.

అన్నట్టు, చేతులు మండితే నీళ్ళతో పోదు. ముందు కొంచెం మామూలు నూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడగండి.