గాలిమరలు పెట్టనివ్వాలా, వద్దా? చచ్చిన పక్షులను లెక్కపెట్టిన అనుభవంతో

రక్షిత ప్రాంతం అంచున గాలిమరలకు ఒప్పుకోవాలా, కరెంటు ముఖ్యమా పక్షులు ముఖ్యమా అని అడిగారు. ఒక గాలిమరల ప్లాంటులో రెండేళ్లు చచ్చిన పక్షులను లెక్కపెట్టే పని చేశాను. చూసిందే చెప్తాను.

తెల్లారేసరికి మర కింద ఉండాలి. ఆలస్యమైతే నక్కలూ కాకులూ నాలుగు ఈకలు తప్ప ఏమీ మిగల్చవు. అవి ఎంత తినేస్తున్నాయో తెలుసుకోడానికి మేమే చచ్చిన కోడిపిల్లలను అక్కడక్కడా పెట్టి చూసేవాళ్లం. ఒకసారి పది పెడితే మర్నాటికి నాలుగే ఉన్నాయి. అందుకే రిపోర్టులో "మూడు పక్షులు చనిపోయాయి" అని ఉంటే, ఆ మూడు దొరికినవా, నక్కల వాటా కూడా కలిపి వేసిన అంచనానా అని అడగండి.

నాకు దొరికిన పెద్ద పక్షుల్లో సగానికి పైగా రెండు మరల కిందే. ఆ రెండూ కొండ అంచున ఉన్నాయి. గద్దలు పైకి లేచే గాలి అక్కడే పుడుతుంది. కట్టాక చేయగలిగినవీ ఉన్నాయి. నార్వేలోని స్మోలా దీవిలో నాలుగు మరలకు ఒక్కో రెక్క చొప్పున నల్ల రంగు వేస్తే పక్షుల మరణాలు 70 శాతానికి పైగా తగ్గాయి. గబ్బిలాలు ఎక్కువగా గాలి తక్కువున్న రాత్రుల్లో చస్తాయి. పెన్సిల్వేనియాలో అలాంటి రాత్రుల్లో మరలు ఆపి చూస్తే ఏడాది ఉత్పత్తిలో నష్టం ఒక శాతం కూడా దాటలేదు. కానీ కొండ అంచున పాతిన మరను వెనక్కి జరపలేం కదా.

అందరూ మరలనే చూస్తారు గానీ, నాకు వాటి నుంచి కరెంటు మోసుకెళ్లే తీగలంటేనే ఎక్కువ భయం. బట్టమేక (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) బాగా బరువైన పక్షి. దానికి కళ్లు పక్కలకుంటాయి, ఎదురుగా ఉన్న తీగ సరిగా కనపడదు. కనపడినా ఆ బరువుతో చటుక్కున పక్కకి తిరగలేదు. బట్టమేకలు తిరిగే ప్రాంతాల్లో తీగలను భూమిలోంచి వేయమని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. అంత విస్తీర్ణంలో అది ఆచరణలో కష్టమని 2024లో ఆ ఆదేశాన్ని సడలించి, నిపుణుల కమిటీకి అప్పగించింది.

నా మటుకు రక్షిత ప్రాంతం లోపల వద్దు. బయట మాత్రం ఒక్కో చోటునూ విడిగా చూడాలి. రికార్డుల్లో "బంజరు" అని రాసున్నంత మాత్రాన అది ఖాళీ నేల కాదు, కృష్ణజింకలూ తోడేళ్లూ బతికేది ఆ గడ్డిలోనే. మీ దగ్గరి ప్రాజెక్టు రిపోర్టు దొరికితే ముందు సర్వే తేదీలు చూడండి. ఎండాకాలంలో రెండు వారాలు తిరిగి రాసిందైతే చలికాలపు వలస పక్షులు అందులో ఉండవు. ఏడాది పొడవునా మళ్లీ చేయించమని ప్రజాభిప్రాయ సేకరణలోనో, అది లేకపోతే అనుమతిచ్చే అధికారులకో రాతపూర్వకంగా ఇవ్వండి.